పిచ్‌లో (మీ ఆలోచనని ఇతరులకి క్లుప్తంగా వివరించి ఒప్పించే ప్రసంగంలో) పరిష్కారాన్ని ఒక్క వాక్యంలో రాయడం ఎలా?

ఎవరికి, ఏ ఇబ్బంది, మీ పరిష్కారం ఏం చేస్తే అది తీరుతుంది? వాక్యంలో ఈ మూడూ ఉంటే చాలు. చాలామంది "వినూత్న సాంకేతికతతో చేనేతలో విప్లవాత్మక మార్పు" అని రాస్తారు. విన్నవాళ్లకి కళ్లముందు ఏమీ కనపడదు.

ఆలేరుకి చెందిన చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రాన్నే తీసుకోండి. పోచంపల్లి చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన ఆ యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం గురించి నేనైతే ఇలా రాస్తాను:

"నేతన్నల ఇళ్లలో ఆడవాళ్లు చీరకి వేలసార్లు చెయ్యి తిప్పి పోసే ఆసును, వాళ్ల భుజాలకి శ్రమ లేకుండా ఈ కరెంటు యంత్రం పోస్తుంది."

మోటారు, సర్క్యూట్ వివరాలు ఇందులో లేవు. అవి అడిగినప్పుడు చెప్పొచ్చు.

రాశాక మీ రంగం తెలియని ఒకరికి ఒక్కసారే చదివి వినిపించండి. ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పమనండి. ఎక్కడ "అంటే?" అని ఆగుతారో, అక్కడే తిరగరాయాలి.