కొత్త ముందు టైరు: మలుపులో వాలిపోవడం వేరు, హ్యాండిల్ వణకడం వేరు

మీరు అడిగింది ఇదీ: పల్సర్ ఎన్ఎస్ 200కి ముందు 100/80-17 కొత్త టైరు వేయించి 120 కిలోమీటర్లు తిరిగారు. మలుపులో బండి ఒక్కసారిగా లోపలికి వాలిపోతోంది, 60 దాటితే హ్యాండిల్ వణుకుతోంది, టైరు మార్చేయాలా అని. ఈ రెండూ ఒకే జబ్బు కాదు. మొదటిది చాలావరకు కొత్త టైరు గుణం. రెండోది ఎక్కువసార్లు బిగించినవాళ్ల పొరపాటు.

వాలిపోవడం సంగతి. సిటీలో తిరిగిన పాత టైరు అరిగి గుండ్రదనం పోగొట్టుకుంటుంది. దాన్ని మలుపులో దించాలంటే హ్యాండిల్‌ని కాస్త తోయాలి, ఆ తోపు మీ చేతులకు అలవాటైపోయింది. కొత్త టైరుకీ అంతే తోపు ఇస్తే బండి ఎక్కువ వాలుతుంది. రెండు వందల కిలోమీటర్లలో చేతులు సర్దుకుంటాయి. అప్పటికీ సర్దుకోకపోతే వెనక టైరు చూడండి. అది మధ్యలో చదునైపోయి ఉంటే ముందు చక్రం లోపలికి పోదామంటుంది, వెనకది నిటారుగా ఉంటానంటుంది. ఈ తగవులో నింద మాత్రం కొత్త టైరుకే.

ఆ మొదటి రెండు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకు, లోతైన వాలు వద్దు. అచ్చులోంచి వచ్చిన నునుపు అరిగేదాకా పట్టు పూర్తిగా రాదు. షాపులో నల్లగా మెరవడానికి పూసే పాలిష్ ట్రెడ్ మీదికి, అంటే రోడ్డుకు తగిలే భాగం మీదికి, కారి ఉంటే సబ్బునీళ్లతో కడిగేయండి. శాండ్ పేపర్ పెట్టి రుద్దమనే సలహాలు పట్టించుకోకండి.

వణుకు వెతికేముందు గాలి చూసుకోండి. బీడ్, అంటే టైరు లోపలి అంచు, రిమ్ములో కూర్చోవడానికి టైరు షాపులో 40 పీఎస్ఐ దాకా కొడతారు, తర్వాత తగ్గించడం మరిచిపోతారు. ఆ గాలితో బండి నడిపితే చిన్న గులకరాయి కూడా అరచేతికి తగులుతుంది, గతుకు రోడ్డు మీద ముందు చక్రం ఎగురుతుంది. మరీ తక్కువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది, బ్రేకు పట్టినప్పుడు ముందు భాగం మెత్తగా అటూ ఇటూ కదులుతుంది, గుంతలో రిమ్ము తగులుతుంది. బండి మీది స్టిక్కర్‌లో లేదా మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె అందుకు కాదు. బంకు గేజ్‌ను నమ్మకుండా సొంత గేజ్ కొనుక్కోండి. కనీసం మూడు గంటలు కదలని బండికే కొలవాలి. మే నెల మధ్యాహ్నం కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి కొలిస్తే రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, ఆ ఎక్కువ గాలిని తీసేయకండి, తీస్తే చల్లారాక తక్కువ పడుతుంది. నైట్రోజన్ కొట్టించినా ఫీల్ మారదు, మామూలు గాలిలో 78 శాతం అదే.

ఇక వణుకు. ముందు చక్రాన్ని స్టాండ్ మీద నేల నుంచి ఎత్తి, రిమ్ అంచుకు పైన టైరు చుట్టూ ఉండే సన్నటి గీతను చూడండి. రిమ్ నుంచి ఆ గీత దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట లోపలికి దిగిపోయి ఉంటే బీడ్ సరిగా కూర్చోలేదు, అందుకే చక్రం ఎగిరెగిరి తిరుగుతోంది. గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ ఎక్కిస్తే పోతుంది. తర్వాత ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్‌కి ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొన రిమ్‌కి దగ్గరగా పెట్టి చక్రం తిప్పండి. మన గుంతలకు అల్లాయ్ రిమ్ వంగడం మామూలే. ఊగు రెండు మిల్లీమీటర్లు దాటితే తప్పు రిమ్‌ది. రిమ్ బాగుండి టైరు మాత్రమే ఊగితే బీడ్‌నో టైరునో అనుమానించాలి.

రెండూ సరిగా ఉంటే బ్యాలెన్సింగ్ చేయించండి, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా రిమ్‌కి చిన్న బరువులు పెట్టించండి. ఒక నిర్ణీత వేగం దగ్గర మొదలై, అది దాటాక తగ్గే వణుకు బ్యాలెన్స్ తప్పిందనడానికి గుర్తు. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది వాల్వ్ పక్కన ఉండాలి, టైరులో తేలికైన చోటు ఆ చుక్క దగ్గరే. బాగా ఎక్కువ బరువులు పడుతుంటే టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పించి మళ్లీ చూడమనండి. పంచర్ రాకుండా జెల్ పోయించారా? రాత్రంతా నిలిపిన బండిలో అది అడుగున చేరి, పొద్దున మొదటి కిలోమీటరు రెండు వణికిస్తుంది. టైరు మీది బాణం తిరిగే దిక్కుకే ఉందా, యాక్సిల్ సరిగా బిగించారా, ఇవి ఒక్క చూపులో తేలతాయి. చివరగా కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు: ఎత్తిన చక్రంతో హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగులు పోయాయి, పాత టైరు దాన్ని కప్పిపుచ్చింది అంతే. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ కదిలేముందు బ్రేకు లివర్‌ని గట్టిపడేదాకా నొక్కండి, మొదటి నొక్కు ఖాళీగా పోవచ్చు.

నడిపి చూడాలంటే ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకులను రానివ్వరు, నార్సింగి నుంచి కోకాపేట వైపు సర్వీసు రోడ్డు ఆదివారం తెల్లవారుజామున బాగుంటుంది. ప్రతిసారీ అదే రోడ్డు, అదే గాలి. ముందు ఖాళీ స్థలంలో 20 వేగంతో ఎనిమిది అంకె వేయండి, హ్యాండిల్ రెండు పక్కలకూ ఒకేలా తిరగాలి. తర్వాత 50లో తిన్నగా. చేతులు వదలకండి, పట్టు మాత్రం సడలించండి, ఏ పక్కకు లాగుతోందో తెలుస్తుంది. 40 నుంచి ముందు బ్రేకును మెల్లగా పెంచుతూ ఆపండి. ఆ తర్వాత గాలి మార్చాలనిపిస్తే ఒకసారికి రెండు పీఎస్ఐకి మించి వద్దు, స్టిక్కర్ అంకె కంటే కిందికీ వద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా టైరే ఊగుతుంటే, లేదా పక్కన ఉబ్బు కనిపిస్తే, అప్పుడు బిల్లుతో షాపుకి వెళ్లండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చూపించండి: 2324 అంటే 2024లో 23వ వారం తయారీ.