ఇసుక నేలలో పూలమొక్కలు బతకవా?

ప్రశ్న: చీరాల దగ్గర, సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాం. ఇంటి ముందు కొద్దిగా ఖాళీ జాగా ఉంది కానీ ఎక్కడ తవ్వినా ఇసుకే. జూన్‌లో గులాబీ, మల్లె, కనకాంబరం కలిపి 12 మొక్కలు తెచ్చి నాటాను. రోజూ పొద్దున్నే బకెట్లతో నీళ్లు పోశాను, యూరియా కూడా వేశాను. నెల తిరక్కుండానే 9 ఎండిపోయాయి. మొక్కలు పెంచడం ఇదే మొదటిసారి. మట్టి మొత్తం మార్పించాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మార్పించొద్దమ్మా, ఆ ఖర్చు అవసరం లేదు. నీళ్లు పోసిన మర్నాడు మొక్క పక్కన జానెడు లోతు తవ్వి, గుప్పెడు మట్టి తీసి పిండి చూడండి. ముద్ద కట్టకుండా వేళ్ల సందుల్లోంచి జారిపోతోందంటే మీరు పోసిన బకెట్ నీళ్లు ఎప్పుడో కిందికి దిగిపోయాయన్నమాట, యూరియా కూడా ఆ నీళ్లలోనే కరిగి వేళ్లకు అందనంత లోతుకు వెళ్లిపోయింది. మీరు నీళ్లు తక్కువ పోయలేదు, వాటిని పట్టి ఉంచేది ఆ నేలలో ఏమీ లేదు, అంతే.

కాబట్టి ముందు గుంటల సంగతి చూడండి, మొక్కల సంగతి తర్వాత. ఒక్కో మొక్కకు అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంట చాలు. తవ్విన ఇసుక రెండు వంతులు, చెరువు మట్టి ఒక వంతు, చివికిన పశువుల ఎరువు ఒక వంతు, రెండు గుప్పెళ్ల వేపపిండి (వేపగింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండి) బాగా కలిపి గుంట నింపండి. చెరువు మట్టిని ఊరికే పైన పరిస్తే లాభం లేదు, ఇసుకలో కలవాలి. ఎరువు దగ్గర మాత్రం తొందరపడొద్దు. చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాకూడదు, టీపొడిలా పొడిపొడిగా రాలాలి. పచ్చి పేడ వేస్తే చెదలు పడతాయి. నాటాక మొదలుకు నాలుగు వేళ్లు ఎడం వదిలి చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన వేరుశనగ పొట్టో ఎండాకులో పరవండి, ఎండకు తేమ ఎగిరిపోకుండా ఉంటుంది. నీళ్లు ఒకేసారి కుమ్మరించకుండా పొద్దున సగం, సాయంత్రం సగం పోయండి. ఇక యూరియా ఈ ఏడాదికి మానేయండి. మన ఎండలకు పశువుల ఎరువు త్వరగా హరించుకుపోతుంది కాబట్టి ఏటా మళ్లీ వేయాల్సిందే.

మిగిలిన మూడు మొక్కల్ని పీకొద్దు, చుట్టూ కాస్త ఎరువు వేసి పొట్టు పరవండి.

మొదటి ఏడాది గులాబీ జోలికి వెళ్లకండి, కొత్తవాళ్లకు ఇసుకలో అది చాలా కష్టం. బిళ్లగన్నేరు, గడ్డిగులాబీ పెట్టండి, ఇవి ఇసుకలో హాయిగా పూస్తాయి. సముద్రం గాలి తగిలే వైపు గన్నేరు, కాగితం పూలు వేయండి. గన్నేరు విషం, చిన్నపిల్లలుంటే అది వద్దు. బిళ్లగన్నేరు కూడా తింటే విషమే, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. అక్టోబరు మధ్యలోపు బంతి నారు పోస్తే సంక్రాంతికి గొబ్బెమ్మల మీద మీ పెరటి పూలే పెట్టుకోవచ్చు. ఆ నెలల్లో మన తీరంలో వానలు గట్టిగా పడతాయి కదా, నల్లరేగడిలో అయితే నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి, మీకు ఆ బాధ ఉండదు. ఇసుక నేలకున్న గొప్ప సుగుణం అది.

కనకాంబరం గురించి ఒక మాట. చనిపోయిన మొక్కల వేళ్లు కడిగి చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే నులిపురుగులు (మట్టిలో ఉండి వేళ్లలో చేరే, కంటికి కనిపించని సన్న పురుగులు) పట్టినట్టు, ఇసుక నేలల్లో కనకాంబరానికి పెద్ద శత్రువు అదే. అలా ఉంటే సరిగ్గా అక్కడే బంతి వేయండి, దాని వేళ్లు ఆ పురుగును తగ్గిస్తాయి. సంక్రాంతి పూలు కోసేసుకున్నాక జూన్ దాకా ఆగి, మళ్లీ గుంటలో వేపపిండి వేసి, అప్పుడు కనకాంబరం నాటుకోండి.