గొడవ మధ్యలో ఆ పాప్‌కార్న్ బొమ్మ ఎందుకు పెడతారు?

ప్రశ్న: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ గురించి ఇద్దరు వాదించుకుంటుంటే, మూడో ఆయన పాప్‌కార్న్ తింటున్న మైకేల్ జాక్సన్ బొమ్మ పెట్టారు. దానర్థం ఏంటి?

జవాబు: "నాకు ఏ పక్షమూ లేదు, మీరు కానివ్వండి, నేను చూస్తుంటా" అని. వీధి కొళాయి దగ్గర గొడవైతే అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటూ చూసే పెద్దమనిషి ఉంటాడే, అదే పని ఫోన్‌లో.

ఆ బొమ్మ 1983 డిసెంబరులో వచ్చిన జాక్సన్ పాట ‘థ్రిల్లర్’ వీడియోలోది. దర్శకుడు జాన్ లాండిస్. హాల్లో దెయ్యం సినిమా నడుస్తుంటుంది. పక్కనున్న అమ్మాయి వణికిపోతుంటే ఇతను మాత్రం నవ్వుతూ పాప్‌కార్న్ నములుతుంటాడు. తమాషా ఏంటంటే, తెర మీద మృగంగా మారి భయపెట్టేది కూడా అతనే! గ్రూపులో చిచ్చు పెట్టి తర్వాత ఈ బొమ్మ పెట్టేవాళ్లకు ఇది మరీ బాగా అతుకుతుంది.

అందరికీ సులువుగా అర్థమవడానికి కారణం ఆ ముఖమే. కళ్లు తెర మీదే ఉంటాయి, చెయ్యి మాత్రం ఆగదు. మాట అవసరం లేదు. అంత ఓపిక లేనివాళ్లు పాప్‌కార్న్ ఎమోజీతో సరిపెడతారు. అది 2015లో యూనికోడ్‌లో, అంటే అన్ని ఫోన్లకూ అక్షరాలు, ఎమోజీలు ఒకేలా ఖాయం చేసే జాబితాలో, చేరింది. మనవాళ్లు బ్రహ్మానందం ముఖాలతోనూ ఇదే పని కానిచ్చేస్తారు.

సరదా వాదనల్లో, క్రికెట్ గొడవల్లో పెట్టొచ్చు. డబ్బు లెక్కల తగాదాలో పెడితే ఇద్దరూ కలిసి మీ మీదే పడతారు. వాదించుకునే ఇద్దరిలో ఒకరు మీ మేనమామైతే అసలే వద్దు, పండక్కి కావలి వెళ్లినప్పుడు అందరి ముందూ నిలదీస్తారు.