గుసగుసలన్నీ నా గురించేనా?

ప్రశ్న: పెళ్లయి రెండేళ్లు. అత్తగారు, ఆడపడుచు వంటింట్లో ఏదో మాట్లాడుకుంటూ నన్ను చూడగానే ఆపేస్తారు. నా గురించేనని గుండె దడదడలాడుతుంది. మావారేమో ‘అంతా నీ ఊహ’ అంటారు. చిన్నప్పుడు నాన్న పోయాక చుట్టాలు ఇలాగే గుసగుసలాడేవారు. అప్పుడు నా అనుమానమే నిజమైంది. ఇప్పుడు నా మనసును నమ్మాలా, ఆయన మాటనా?

జవాబు: అమ్మా, మీ దడ నిజం. ‘ఊహ’ అని కొట్టిపారేయడానికి మీవారు మాత్రం వంటింట్లోకి వెళ్లి విన్నారా ఏమిటి! అయితే మీ ఉత్తరం మీరే మళ్లీ చదవండి. మాటలు ఆగడం మీరు కళ్లారా చూసింది. ‘నా గురించే’ అన్నది మీరు కలుపుకున్నది. రెండూ ఒక్కసారే రావడంతో రెండూ చూసినట్టే ఉంటుంది.

ఒక పని చేయండి. కాగితం మీద స్కేలుతో రెండు సమానమైన గీతలు గీయండి. ఒకదాని రెండు చివర్లా బాణం ములుకులు పెట్టండి. రెండోదానికి ఆ ములుకుల్నే తిరగేసి, కొమ్మల్లా బయటికి విచ్చుకునేలా గీయండి. రెండోదే పొడుగ్గా కనిపిస్తుంది. 1889లో ముల్లర్-లయర్ అనే జర్మన్ చూపించిన చిత్రమిది. కొలిచి చూశాక కూడా అది పొడుగ్గానే కనిపించడం దీనిలో తమాషా. తాడును చూసి పామనుకుంటే దీపం తేగానే భ్రమ పోతుందంటారు మన పెద్దలు. ఇది అలా పోయే రకం కాదు. ‘అనుమానం పోవట్లేదు, అంటే నిజమే’ అనుకునే చాలామంది దెబ్బతింటారు. కౌన్సెలింగ్‌లో దీన్నే ఎమోషనల్ రీజనింగ్ అంటాం.

చిన్నప్పుడు మీ అనుమానం తప్పు కాదు. కానీ అది ఆ ఇంటి సంగతి. ఇక్కడ ఆడపడుచు సంబంధం మాటలో, అప్పుల గొడవో అయ్యుండొచ్చు. నిజంగా మీ గురించే కూడా కావచ్చు. ఇక్కణ్నుంచి నేను చెప్పలేను, మీరు కొలవాల్సిందే.

ఈసారి గుమ్మం దగ్గరే వెనక్కి తిరగకండి. లోపలికెళ్లి చిక్కుడుకాయల పళ్లెం ముందుకు లాక్కుని ఈనెలు తీస్తూ కూర్చోండి. నాలుగు రోజులు అలా కూర్చున్నాక, ‘నేను రాగానే ఆపేస్తారేంటి అత్తయ్యా, నాకు బాధగా ఉంటుంది’ అని మెల్లగా అడగండి. మీ మీద చాడీలేనని తేలితే మీవారు కూర్చుని వినాల్సిందే. వీధిలో వాళ్లూ మీ గురించే అనుకుంటున్నారనిపించినా, నిద్ర పట్టకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి.

కాదని తేలినా మర్నాడు దడ మళ్లీ రావచ్చు. రానివ్వండి. ఆ గీతల కాగితం ఒకసారి తీసి చూసుకుని, వంటింట్లోకే వెళ్లండి.