రబ్బరు బొమ్మ అని తెలిసినా భయమెందుకు?

ప్రశ్న: అమ్మా, నమస్తే. చిన్నప్పుడు వీడియో క్యాసెట్‌లో చూసి వణికిపోయిన ‘ద థింగ్’ సినిమాను ఈమధ్య మా అబ్బాయితో కలిసి మళ్ళీ చూశాను. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "అన్నీ రబ్బరు బొమ్మలే నాన్నా" అంటూ నవ్విన వాడే, రక్తపరీక్ష దగ్గరికి వచ్చేసరికి దిండు పట్టుకుని ముడుచుకుపోయాడు. నలభై ఏళ్ళు దాటిన ఆ సినిమాలో ఇంకా అంత బలం ఎక్కడిది?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ అబ్బాయి అన్నది నిజమే, అది రబ్బరే. రబ్బరుకు తోడు కరిగించిన ప్లాస్టిక్, మయొనీజ్, స్ట్రాబెర్రీ జామ్ కూడా వాడారు. వాటితో ఆ వికృత రూపాలు తయారుచేసిన రాబ్ బొటీన్ వయసు అప్పటికి 22 ఏళ్ళు. రాత్రింబవళ్ళు పనిచేసి చివరకు ఆస్పత్రి పాలయ్యాడు. ఆ పనితనానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ మీవాడు ముడుచుకుపోయింది మాత్రం అందువల్ల కాదు.

నేను సినిమాలకు ఎడిటింగ్ చేసినదాన్ని. ఆ రక్తపరీక్షను షాట్ షాటుగా ఆపి ఆపి చూశాను, ఇప్పటికీ చూస్తుంటాను. అంటార్కిటికాలో మంచు మధ్య ఒక పరిశోధన కేంద్రం. మనిషి రూపాన్ని అచ్చుగుద్దినట్టు అనుకరించే ప్రాణి ఒకటి లోపలికి చేరింది. పక్కనున్నవాడు మనిషో కాదో ఎవరికీ తెలియదు. ఆ ప్రాణి రక్తమైతే వేడి తగలగానే తప్పించుకోవాలని చూస్తుందని కథానాయకుడు మెక్‌రెడీ ఊహ. అందుకే మిగతావాళ్ళను కట్టేయించి, ఒక్కొక్కరి రక్తం చిన్న గాజుగిన్నెలో పట్టి, అందులో ఎర్రగా కాల్చిన రాగి తీగ ముంచుతాడు. సుయ్‌మంటుంది, ఏమీ జరగదు. ఇంకొకరిది. మళ్ళీ సుయ్. ఆ చప్పుడు చెవికి అలవాటైపోతుంది. ఈలోగా దర్శకుడు జాన్ కార్పెంటర్ మన అనుమానాన్ని మెల్లగా గ్యారీ అనే పెద్దాయన మీదికి మళ్ళిస్తాడు. మెక్‌రెడీ అతనితో మాట్లాడుతూ, నీది ఆఖరున చూస్తానంటూ, అలవాటుగా తీగ ముంచుతాడు. అతని ధ్యాస గిన్నె మీద లేదు, మన ధ్యాసా లేదు. సరిగ్గా అప్పుడు రక్తం కీచుమని ఎగురుతుంది. అది గ్యారీది కాదు, మనం లెక్కలోకే తీసుకోని పామర్‌ది! పామర్ కూర్చున్న సోఫాకే మరో ఇద్దరిని కట్టేసి ఉంచారు. మెక్‌రెడీ చేతిలోని మంటలు చిమ్మే ఆయుధం ఆ క్షణంలోనే మొరాయిస్తుంది.

దెబ్బ మాట మధ్యలో పడింది, గమనించారా? ఇప్పటి సినిమాల్లో చాలావాటికి, సంగీతం ఆగిందంటే చాలు, ఏదో మీద పడబోతోందని పిల్లలకు కూడా తెలిసిపోతుంది, కళ్ళు మూసేసుకుంటారు. కార్పెంటర్ మనకు ఆ అవకాశం ఇవ్వలేదు. రబ్బరు బొమ్మ బయటపడే ముందే పని పూర్తిచేశాడు. మీ అబ్బాయి భయపడింది ఆ గదిలో ఎవరిని నమ్మాలో తెలియక. ఆ సంగతి ఎన్నేళ్ళయినా పాతబడదు.

ఇంకో సంగతి. సినిమా 1982 జూన్ 25న విడుదలైంది. రెండు వారాల ముందే స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ వచ్చి, గ్రహాంతరవాసి అంటే ముద్దొచ్చే జీవి అని జనం మనసులో నాటేసింది. విమర్శకులు ‘ద థింగ్’ను అసహ్యమన్నారు, వసూళ్ళూ నిరాశపరిచాయి. దాన్ని బతికించింది మీరు చూసినలాంటి క్యాసెట్లే.

ప్రశ్న: నేను రక్తం చూడలేను. ఆ రోజుల్లోని మంచి దెయ్యం సినిమా ఒక్కటి చెప్పండి.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పీటర్ మెడాక్ తీసిన ‘ద చేంజ్‌లింగ్’ చూడండి, 1980 నాటిది. భార్యనూ కూతురినీ ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక సంగీతకారుడు సియాటిల్‌లో పాత భవంతిలో అద్దెకు దిగుతాడు. ఆ పాత్రలో జార్జ్ సి. స్కాట్ దుఃఖాన్ని ఎంత నిగ్రహంగా మోశాడో చూడాల్సిందే. చనిపోయిన కూతురి బంతి ఒకరోజు మెట్ల మీదుగా దానంతటదే దొర్లుకుంటూ కిందికి వస్తుంది. అతను దాన్ని తీసుకెళ్ళి వంతెన మీదినుంచి నీళ్ళలో విసిరేసి ఇంటికి తిరిగొస్తాడు. తర్వాత జరిగేది నేను చెప్పను. చూసేటప్పుడు భయమేసి శబ్దం తగ్గించకండి. ఆ ఇంట్లో వినిపించే చప్పుళ్ళే సగం కథ చెబుతాయి.