డాక్టర్ సలహా: బిడ్డకు పాలిస్తూ సీబీడీ నూనె వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 29. బెంగళూరులో ఉద్యోగం. కాన్పు కోసం కావలి దగ్గర మా పుట్టింటికి వచ్చాను. సిజేరియన్ అయింది. బాబుకు పది వారాలు నిండబోతున్నాయి, పూర్తిగా నా పాలే తాగుతున్నాడు. వాడు నిద్రపోయినా నాకు నిద్ర పట్టడం లేదు. గుండె దడ, చేతుల వణుకు, కారణం లేకుండా ఏడుపు. నాతో పనిచేసే స్నేహితురాలు సీబీడీ నూనె పంపింది. మత్తు ఉండదని, మొక్క నుంచి తీసిందే కనుక భయం లేదని చెప్పింది. అయిదు రాత్రులు నాలుక కింద మూడేసి చుక్కలు వేసుకున్నాను. కాస్త నిద్ర పట్టింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దీన్ని కొనసాగించవచ్చా? ఇప్పటికే బాబుకు హాని జరిగి ఉంటుందా?
– ఓ పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్నకే వస్తాను. మీ మనసును ఎక్కువగా తొలుస్తున్నది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అయిదు రాత్రులు మూడేసి చుక్కలు వేసుకున్నంత మాత్రాన బాబుకు ఏదో జరిగిపోయిందని కుమిలిపోకండి. పాలు మాన్పించవద్దు. గంజాయి మొక్క నుంచి తీసే ఆ నూనె మాత్రం ఈ రాత్రి నుంచే ఆపేయండి.

బాబు ఆకలికి తనంతట తాను లేస్తున్నాడా, రొమ్ము గట్టిగా పట్టి తాగుతున్నాడా, రోజుకు ఆరు సార్లకు తగ్గకుండా మూత్రం పోస్తున్నాడా గమనించండి. పాలకు లేపినా లేవనంత మగతగా ఉన్నా, ఒళ్లు మెత్తగా వేలాడిపోతున్నట్టు అనిపించినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్ దగ్గరకు తీసుకువెళ్లి, నూనె సంగతి దాచకుండా చెప్పండి. ఎలాగూ పదో వారం టీకా వేయించాలి. అప్పుడే ఏఎన్ఎంను అడిగి బాబు బరువు తూయించండి. ఈ వయసు బిడ్డ రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతుంటే పాలు బాగానే అందుతున్నట్టు.

ఇక కొనసాగించవచ్చా అన్నారు. వద్దు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పాలి. వట్టి ‘వద్దు’ అంటే రేపు నిద్ర పట్టని రాత్రి మళ్లీ ఆ సీసా మూత తీస్తారు.

సీబీడీ గంజాయి మొక్కలో ఉండే పదార్థం. మత్తు కలిగించేది అదే మొక్కలోని టీహెచ్‌సీ అనే మరొకటి. మీ స్నేహితురాలు చెప్పినదానిలో అంతవరకు నిజం ఉంది. కానీ ఈ రెండూ కొవ్వులో కరిగేవే. పాలు కాచి పక్కన పెడితే మీగడ పైకి తేలుతుంది కదా, తల్లిపాలలోనూ అలాంటి కొవ్వు ఉంటుంది. కొవ్వును వెతుక్కునే పదార్థానికి అది తేలికైన దారి. 2018లో అమెరికాలోని పిల్లల వైద్యుల పత్రిక పీడియాట్రిక్స్‌లో ఒక పరిశోధన వచ్చింది. గంజాయి వాడిన 50 మంది తల్లుల నుంచి తీసుకున్న 54 పాల నమూనాలలో 34 నమూనాల్లో టీహెచ్‌సీ కనిపించింది, కొందరిలో చివరిసారి వాడిన ఆరు రోజుల తర్వాత కూడా. సీబీడీ అయిదు నమూనాల్లో కనిపించింది. అంటే తల్లి నాలుక కింద వేసుకున్నది పాలలోకి చేరగలదు. చేరాక పసికందు మెదడు మీద, కాలేయం మీద దాని ప్రభావం ఏమీ ఉండదని తేల్చిన పరీక్షలు లేవు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గర్భిణులు, పాలిచ్చే తల్లులు సీబీడీని ఏ రూపంలోనూ వాడవద్దని 2019లో గట్టిగా సలహా ఇచ్చింది. బిళ్లలూ చప్పరించే గమ్మీలూ అన్నీ అందులోకే వస్తాయి.

సీబీడీ ఎందుకూ పనికిరాదని నేను అనడం లేదు. పిల్లల్లో వచ్చే కొన్ని అరుదైన, మొండి మూర్ఛ వ్యాధులకు శుద్ధి చేసిన సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే ఆ మందు ఇస్తూ ఆ పిల్లలకు మధ్యమధ్య కాలేయ పరీక్షలు చేస్తుంటారు. మగత, విరేచనాలు, ఆకలి తగ్గడం దాని దుష్ప్రభావాలు. కాలేయంలో ఇతర మందులను అరిగించే ఎంజైములను కూడా అది అడ్డుకుంటుంది. పక్కన మరో మందు వాడుతుంటే రక్తంలో దాని పాళ్లు పెరిగిపోవచ్చు. మోతాదు లెక్క తెలిసిన మందుకే ఇన్ని జాగ్రత్తలు తీసుకుంటుంటే, చుక్కల లెక్కన వేసుకునే నూనె మాట ఏమిటి?

మొక్క నుంచి వచ్చిందే కదా అన్న మాట నా దగ్గరకు వచ్చే ప్రతి బాలింత ఇంట్లోనూ వినిపిస్తుంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, బెల్లం, నెయ్యి కలిపి మీ అమ్మగారు పెట్టే కాయమూ మొక్కల నుంచే వస్తుంది. ఒంగోలు, కొండపి వైపు పండే పొగాకూ మొక్కే. బాలింత నోట్లో పొగాకు పెట్టం కదా.

కొన్నాళ్ల కిందట ఒక తల్లి బిడ్డ డైపర్ల సంచిలోంచి చేతిరుమాలులో చుట్టిన ఇలాంటి సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. ముందువైపు బంగారు అక్షరాలతో ప్రశాంతత, నిద్ర, తల్లి ఆరోగ్యం అని ఉంది. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో వైద్యుల పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉంది. అది చదవడానికి నేను కిటికీ దగ్గరకు వెళ్లాల్సి వచ్చింది. మన దేశంలో గంజాయి ఆకు సారంతో చేసే ఇలాంటి నూనెలు ‘విజయ’ పేరుతో ఆయుర్వేద మందులుగా అమ్ముడవుతాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అన్నది పూత, కాయ ఉన్న కొమ్మల కొసలను. విడి ఆకు, గింజ ఆ నిర్వచనంలో లేవు. అలాగని ఆకు అమాయకమైనదని కాదు. ఆయుర్వేద మందుల నిబంధనల్లో ‘భంగ’, అంటే గంజాయి ఆకు, విషపదార్థాల జాబితాలోనే ఉంది, అందుకే ఆ హెచ్చరిక. మీ సీసా మీద ‘ఫుల్ స్పెక్ట్రమ్’ అని రాసి ఉందేమో చూడండి. ఉంటే అందులో టీహెచ్‌సీ కూడా ఉందన్నమాటే. రాసి లేకపోయినా లేదని నమ్మలేం. అమెరికాలో ఆన్‌లైన్లో అమ్మే 84 సీబీడీ ఉత్పత్తులను 2017లో పరీక్షిస్తే 18లో టీహెచ్‌సీ దొరికింది. లేబుల్‌పై రాసినంత సీబీడీ ఉన్నవి మూడో వంతు కూడా లేవు.

ఇక మీ అసలు బాధ గురించి. ఉత్తరంలో నన్ను ఆపిన మాటలు మూడు: నిద్ర పట్టకపోవడం, గుండె దడ, చేతుల వణుకు. కాన్పయిన ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య కొందరు తల్లులకు థైరాయిడ్ గ్రంథి వాచి, అందులో నిలవ ఉన్న హార్మోను ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేస్తుంది. అప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. బరువు తగ్గుతారు, చెమటలు పోస్తాయి, చిరాకు పుడుతుంది. బాలింత నీరసమనో, కొత్త తల్లి బెంగ అనో ఇంట్లో వాళ్లు సరిపెట్టుకుంటారు. కొన్ని నెలలకు అదే గ్రంథి నీరసించి, ఒళ్లు బరువు, మందకొడితనం మొదలవుతాయి. ఒక్క టీఎస్‌హెచ్ రక్తపరీక్షతో దీని జాడ దొరుకుతుంది. సిజేరియన్‌లో రక్తం పోయింది కనుక హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే చాలామంది ఆపేస్తారు. మీ అయిదు రాత్రుల నిద్ర వెనక ఇవన్నీ దాగి ఉండవచ్చు. ఆ నూనె మీద నా పెద్ద అభ్యంతరం ఇదే. జబ్బును అలాగే ఉంచి, దాని కేకను మాత్రం తగ్గిస్తుంది.

రక్తపరీక్షలు బాగానే ఉంటే, ఇది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్, ఆందోళన కావచ్చు. మొదటి వారంలో ఏడుపు చాలామంది తల్లులకు వస్తుంది, రెండు వారాల్లో పోతుంది. మీకు పది వారాలు కావస్తోంది. ఎడిన్‌బరో ప్రశ్నావళి అని పది ప్రశ్నలు ఉంటాయి. మీ గైనకాలజిస్టును అడిగితే పది నిమిషాల్లో అవుతుంది. మాటల ద్వారా చేసే చికిత్స ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. సెర్ట్రలిన్ వంటి మందు పాలలోకి చాలా తక్కువగా వెళుతుందని తల్లుల్లోనూ పిల్లల్లోనూ పరీక్షించి చూశారు. దాన్ని వాడుతూ పాలివ్వవచ్చు. డిప్రెషన్ మందు అనగానే భయపడి, ఏ పరీక్షా లేని నూనెను ధైర్యంగా వేసుకునే తల్లులను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈలోగా నిద్ర సంగతి మీ అమ్మగారి చేతిలో పెట్టండి. రాత్రి తొమ్మిదికి పాలు పట్టి బాబును ఆమెకు అప్పగించి, మరో గదిలో పడుకోండి. మధ్యలో ఒక పూటకు ముందే పిండిన పాలు ఆమె చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టవచ్చు. ఆ పాలు ఫ్రిజ్‌లోనే పెట్టాలి, నెల్లూరు ఎండలకు బయట ఉంచకూడదు. వరుసగా నాలుగైదు గంటల నిద్ర దొరికితే వారంలో మీకే తేడా తెలుస్తుంది. మగత కలిగించేది ఏది తీసుకున్న రాత్రయినా బిడ్డను మీ పక్కలో వేసుకుని పడుకోకండి. ఒత్తిగిలితే బిడ్డకు ప్రాణాపాయం. మీ ఇంట్లో పాలు పడతాయని సొరచేప పుట్టు పెడుతుంటే మాత్రం కాస్త తగ్గించమనండి. సొరచేపలో పాదరసం ఎక్కువ. చిన్న చేపలు మేలు.

బతకాలని లేదనిపించినా, బాబును ఏదైనా చేసేస్తానేమోనన్న ఆలోచన వచ్చినా, ఎవరికీ వినపడని మాటలు మీకు వినపడినా ఒక్క గంట కూడా ఆగకండి. ఇంట్లో వాళ్లను లేపండి, బాబును వాళ్ల చేతికివ్వండి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి రండి. మాట్లాడే మనిషి కావాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఏ వేళయినా చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ రోజే మీ అమ్మగారికి చెప్పండి. సీసాను పారేయకుండా బిడ్డకు అందని చోట దాచి, డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. వెనకవైపు ఏం రాసి ఉందో వారు చదవాలి.