శబ్ద నిరోధక గోడ కట్టినా రొద తగ్గలేదు: కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు ముందున్న జాతీయ రహదారిని వెడల్పు చేసి, అంచున శబ్ద నిరోధక గోడ కట్టారు. కింది ఫ్లాట్ల వారికి ఊరట దొరికింది గానీ, నాలుగో అంతస్తులో ఉన్న మాకు ఏ మార్పూ లేదు. గోడ నాసిరకమని కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఇంట్లో రొద తగ్గనంత మాత్రాన గోడ నాసిరకమని కోర్టు అంగీకరించదు. వాహనానికీ మీ కిటికీకీ మధ్య చూపు అందకుండా గోడ అడ్డుపడినప్పుడే శబ్దం సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆపైన పెంచే ప్రతి మీటరు ఎత్తుకూ మరో ఒకటిన్నర వరకు తగ్గవచ్చు. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం సగమైనట్టు తోస్తుంది, మూడు తగ్గితే తేడా పోల్చుకోవడమే కష్టం. మీ బాల్కనీలోంచి లారీలు కనిపిస్తూ ఉంటే ఆ గోడ మీ అంతస్తుకు దాదాపు లేనట్టే. అయితే పలకల మధ్య సందులున్నా, గోడ మీ భవనం దాటకముందే ఆగిపోయినా అది నిర్మాణ లోపమని వాదించవచ్చు. వాటిని ఫొటోలు తీసి ఉంచండి.

చట్టం మీకు హామీ ఇచ్చేది గోడను కాదు, శబ్ద పరిమితిని. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించరాదు. ఇవి సగటు స్థాయిలు కనుక ఒక్క హారన్ మోతను చూపితే చాలదు. శబ్ద స్థాయి మీద 7వ నిబంధన కింద ఫిర్యాదు చేయాలంటే పరిమితికి పది డెసిబెల్స్ గానీ అంతకు మించి గానీ ఎక్కువ ఉండాలి, అంటే రాత్రివేళ కనీసం 55 నమోదు కావాలి. ఫోన్ యాప్ రీడింగులను ప్రతివాది తేలిగ్గా కొట్టిపారేస్తాడు. కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు చేసి, మీ కిటికీ దగ్గరే కొలిపించండి.

ఈలోగా సమాచార హక్కు కింద ప్రాజెక్టు పర్యావరణ అనుమతి పత్రాలను అడగండి. పై అంతస్తులకు కూడా ఇంత శబ్దమే ఉంటుందని అందులో రాసి ఉంటే, నా దృష్టిలో అంతకంటే బలమైన ఆధారం మీకు దొరకదు. అభ్యర్థనలో గోడ ఎత్తు పెంచడం ఒక్కటే కోరకండి. నాలుగో అంతస్తుకు అడ్డుపడేంత గోడ కట్టడం సాంకేతికంగా కుదరదంటే మీ కేసు అక్కడే ఆగిపోతుంది; వేగ పరిమితి, హారన్ నిషేధం, కిటికీలకు రెండు పొరల అద్దాలు కూడా చేర్చండి.

జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లేటట్టయితే, వివాద కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే మరో 60 రోజులు మాత్రమే ఇస్తారు. ఆ గడువును విస్తరించిన రోడ్డు తెరిచిన రోజు నుంచే లెక్కించాలని అవతలి పక్షం వాదించవచ్చు కాబట్టి, ముందుగా ఆ తేదీ తెలుసుకోండి.